జంగయ్య ఒప్పుకోని ఆట

“జట్టుకు యాభై మందిని విమానం ఎక్కిస్తే, ఏషియాడ్ పోటీలకు మిగతా ఆటలోళ్లంత నడిచిపోవాల్నారా?” అని గర్జించాడు జంగయ్య.

సరిగ్గా అప్పుడే శంషాబాద్‌లో దిగబోతున్న విమానమొకటి ఇంటి మీదుగా మోత పెట్టుకుంటూ పోయింది. అది పోయేదాకా ఇద్దరూ నోళ్లు మూసుకుని, ఒకరినొకరు గుడ్లురిమి చూసుకున్నారు. మోత తగ్గగానే యెషయా అందుకున్నాడు.

“మరి నీ కబడ్డీని జూసి నవ్వలేదారా అందరు? పల్లెటూరోళ్ల ఆట, పది దేశాలోళ్లు గూడ ఆడరు అన్నరు. ఇయ్యాల అది ఏషియాడ్ల లేదా? అమెరికా ఫుట్‌బాల్ గూడ గట్లనే వస్తది.”

“కాలుతోని తన్నని ఆటకు ఫుట్‌బాలని పేరేందిరా మల్ల?”

జంగయ్య భార్య రుక్కమ్మ రెండు చాయ్ గ్లాసులు తెచ్చి మధ్యలో ఠక్కున పెట్టింది. ఇద్దరూ గ్లాసులు అందుకున్నారే గానీ చూపులు తిప్పుకోలేదు. తన భార్య వరమ్మ పోయాక యెషయా సాయంత్రం చాయ్ ఇక్కడే. దానితో పాటు ఈ కొట్లాట ఉచితం.

వయసులో ఉండగా జంగయ్య కబడ్డీ బాగా ఆడేవాడు. ఆ రోజుల్లో దెబ్బతిన్న మోకాలు ఇప్పటికీ పూర్తిగా వంగదు. ఇప్పుడు బీపీ కూడా తోడైంది. కోపం తెచ్చుకోవద్దని దవాఖానలో చెప్పారు. ఇట్లాగే సాగితే మొగుడి ప్రాణమో, చిన్ననాటి స్నేహమో, ఏదో ఒకటి పోవడం ఖాయమని రుక్కమ్మ భయం.

అసలు తప్పు తన మొగుడిదే. వరమ్మ జ్ఞాపకార్థం యెషయా ఇంట్లో ప్రార్థన పెట్టుకున్న రోజున మొదలైంది ఈ కొట్లాట. పాస్టరుగారు ప్రార్థన ముగించారు. అందరూ తలలు వంచుకుని భోంచేస్తున్నారు. యెషయా కొడుకు ఆశేర్ వడ్డిస్తున్నాడు. ఆ పిల్లవాడికి విమానాశ్రయం కార్గోలో ఉద్యోగం. ఆదివారం చర్చి అయ్యాక ఆరాంఘర్ చౌరస్తా దాటి పోయి, అక్కడేదో కొత్త జట్టుతో, బంతి చేత పట్టుకుని ఒకరినొకరు గుద్దుకునే అమెరికా ఫుట్‌బాల్ ఆడతాడు. జంగయ్య వాడిని ఎగాదిగా చూసి, “మీవోడు ఆడేది గూడ ఒక ఆటనారా? ఏషియాడ్ల దానికి జాగ ఇస్తరా ఎన్నటికన్నా?” అనేశాడు.

వరమ్మ పోయిన్నాటి నుంచి గోడకానుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్న యెషయా దిగ్గున లేచాడు. “ఎందుకియ్యరురా?” అన్నాడు. చావింట్లో ఆ రభస చూసి రుక్కమ్మకు తల కొట్టేసినట్లయింది.

అంతటితో ఆగినా బాగుండేది. రోజూ యెషయా లేచి గేటు దాకా పోగానే, వెనక నుంచి జంగయ్య ఇంకో ప్రశ్న విసురుతాడు. ఈరోజూ విసిరాడు.

“ఒళ్లు హూనమైతదని వారానికి ఒక్కటే మ్యాచ్ ఆడుతరంటివి గద! మరి ఏషియాడ్ పదిహేను దినాలే. ఫైనల్ ఎన్నడు పెడ్తవురా? జవాబు తీస్కరా రేపు!”

యెషయా ముఖం కందగడ్డయింది.

“నీతోని మాట్లాడుడు నాదే బుద్ధితక్కువ. ఇగ నీ గడప తొక్కితే ఒట్టు!” అని విసురుగా వెళ్లిపోయాడు.

“అయిందా?” అంది రుక్కమ్మ. “ఒక్కసారి సరే అంటే నీ సొమ్మేం పోతదయ్యా?”

“అనను,” అన్నాడు జంగయ్య.

మర్నాడు సాయంత్రం యెషయా రాలేదు. విమానాలు ఒకదాని వెనక ఒకటి వచ్చి దిగుతూనే ఉన్నాయి. జంగయ్య మంచం మీద కూర్చుని గేటు వైపే చూస్తున్నాడు. రెండు గ్లాసుల్లోనూ చాయ్ మీద మీగడ కట్టింది.

“పోయి పిల్సుకరా. పెద్ద మొగోనివి,” అంది రుక్కమ్మ.

“వస్తడు,” అన్నాడు.

దీపాలు పెట్టే వేళకు గేటు దడాలున తెరుచుకుంది. చొక్కా చెమటకు ఒంటికి అంటుకుపోయి, రొప్పుతూ వచ్చాడు యెషయా.

“ఆరాంఘర్ పోయొచ్చిన! ఆశేర్‌వాళ్ల కోచ్‌నే అడిగిన!” ఎవరూ కూర్చోమనకుండానే కూర్చున్నాడు. “గా ఆటలనే ఇంకో తీరుంది. దిక్కుకు ఐదుగురే. మీద పడుడు లేదు, గుద్దుకునుడు లేదు. నడుముకు గుడ్డపేలికలు కట్టుకుంటరు. బంతి పట్టుకొని ఉరికేటోని పేలిక గుంజితే సాలు, వాన్ని ఆపినట్టే. ఒక్క దినంల రెండు మ్యాచులు ఆడొచ్చు. ఇగ జెప్పురా!”

జంగయ్య చెయ్యి తనకు తెలియకుండానే ముందుకు సాగింది, కబడ్డీలో కూతకు వచ్చినవాణ్ని అందుకోబోతున్నట్టు. ఆయన కళ్లలో మెరుపు రుక్కమ్మ స్పష్టంగా చూసింది. హమ్మయ్య, ఇప్పుడు ఒప్పుకుంటాడనుకుంది.

“పేలికలు గుంజుడు గూడ ఆటనారా? పోరగాండ్లను ఆడుకోమను!” అన్నాడు జంగయ్య.

మళ్లీ మొదలైంది. రుక్కమ్మ చాయ్ రెండోసారి పెట్టాల్సి వచ్చింది. చివరికి యెషయా గేటు దగ్గరికి పోయాడో లేదో, “పేలిక దానంతట అదే ఊడిపడితే ఎట్ల లెక్క? జవాబు తీస్కరా రేపు!” అని వెనక నుంచి కేక.

“తెస్త! నీ నోరు మూయిస్త సూడు!” అంటూ యెషయా మూల మలుపు తిరగకముందే ఫోన్ తీసి కొడుక్కి కలిపాడు.

రుక్కమ్మ గ్లాసులు ఏరుకుంటూ మొగుడి ముందు నిలబడింది.

“నిజం జెప్పు. గా ఆట నీకు నచ్చింది.”

“నచ్చింది. మొదటి వారమే నచ్చింది. ఏషియాడ్ల ఉండాల్సిన ఆటనే అది.”

“మరి ఆ మాట ఆయనతోని అనడానికి ఏం రోగమయ్యా నీకు?”

యెషయా గొంతు వీధి చివర వినబడకుండా పోయేదాకా ఆగాడు జంగయ్య.

“ఒప్పుకున్ననాడు వాడు మల్ల గా గోడకే ఆనుకొని కూసుంటడే.”