మబ్బుల పాఠం

సుదర్శన్ సార్ హాజరు పిలిచారు. గైర్హాజరు ఒక్కరూ లేరు. పందొమ్మిది వందల అరవై తొమ్మిదిలో అది వింతే. ఆ ఏడాది జనగామలో బడికి వచ్చిన పిల్లల కంటే, జెండా పట్టుకుని రోడ్డెక్కినవాళ్లే ఎక్కువ.

సుద్దముక్క లేదు. సార్ ఇటుక పెళ్లతో గోడ మీద ఎండిన నేలను, దాని పైకి లేస్తున్న గాలిని గీశారు.

“వేడెక్కిన గాలి తేలికై మీదికి లేస్తది. అక్కడ చల్లబడి మబ్బయితది.”

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ మధ్య పిల్లలంతా వీధుల్లో జై కొడుతుంటే సార్ తలుపేసుకుని ఇంట్లో కూర్చున్నారు. అప్పటినుంచి ఆయన పేరు ‘పిరికి పంతులు’. ఆ పేరు పెట్టిన సురేందర్ ఇప్పుడు ఆయనకు వీపు తిప్పి కూర్చున్నాడు. అట్లా కూర్చునే అడిగాడు.

“మీదికి పోతే సూర్యునికి దగ్గరైతది గద సార్? ఇంకా కాలాలె. సల్లగెట్లయితది?”

“మంచిగడిగినవ్. సైకిల్ ట్యూబు వాల్వు ఎన్నడన్న విప్పినవా?”

“పోలీసుల సైకిళ్లయి మస్తు విప్పినం సార్,” అన్నాడు భద్రు, పక్కనుంచి.

అందరూ నవ్వారు. సార్ నవ్వలేదు.

“గాలి వేలికెట్ల తగిలింది?”

“సల్లగ.”

“ఇరుకుల ఉన్న గాలికి జాగ దొరికింది. ఉబ్బింది. ఉబ్బాలంటే బలం ఖర్చయితది. ఆ ఖర్చు ఇంకెవరూ ఇయ్యరు. తన వేడిలకెల్లే తీస్కోవాలె. ఆకాశంల కూడ గంతే. మీదికి పోయినకొద్ది ఒత్తిడి తక్కువ. గాలి ఉబ్బుకుంట, సల్లబడుకుంట పోతది. దాంట్ల కనబడకుండ ఉన్న ఆవిరి దుమ్ము కణాలను పట్టుకొని సన్నసన్న నీటిబొట్లయితది. గదే మబ్బు.”

సురేందర్ ఇటు తిరిగాడు.

ఉన్నది ఒక్కటే కిటికీ, అదీ ఎత్తులో. వంతులవారీగా మునివేళ్ల మీద నిలబడి చూశారు. దూరంగా ఒక తెల్లమబ్బు నిజంగానే ఉబ్బుతోంది.

“పరీక్షలు పెడతరా సార్?” అన్నాడు భద్రు.

“ఏమో. పెడితే మాత్రం మీరు తప్పొద్దు.”

సురేందర్ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. “సార్, మీకు ఆ పేరు పెట్టింది నేనే.”

“తెలుసు. అబద్ధమేం కాదు. చూడు, చేతులు ఇంకా వణుకుతున్నయి.”

ఆ పొద్దున్నే ఆయన ఠాణా ముందున్న జీపు అద్దాన్ని రాయితో పగలగొట్టి, తన బడి పిల్లల్ని ఉంచిన సబ్‌జైలు గదిలోనే తననూ వేయమని పోలీసులను బతిమాలుకుని లోపలికి వచ్చారు.