పచ్చి టేకు

మహబూబాబాద్‌లో బయ్యారం బస్సెక్కిన ఫారెస్టు బీట్ ఆఫీసర్ భద్రయ్యకు ఆ రోజు రెండు బాధలు. ఒకటి, జలుబుతో ముక్కు దిబ్బడ. రెండోది, ఉద్యోగం.

అతని బీటులో టేకు చెట్లు మాయమవుతున్నాయి. మొద్దులు మాత్రం మిగులుతున్నాయి.

"ఆదివారంలోపట దొంగ దొరకాలె భద్రయ్యా. లేకపోతే నువ్వు సస్పెండే" అని రేంజరు పొద్దున్నే తేల్చి చెప్పాడు. ఇద్దరు పిల్లల ఫీజులు కళ్లముందు తిరిగాయి భద్రయ్యకు.

ముందు సీట్లో ఇమ్మానుయేల్ అనే యువకుడు భార్యతో ఫోన్లో మాట్లాడుతున్నాడు.

"అఖిలా, టేకు దొరికింది!"

భద్రయ్య చెవులు రిక్కించాడు.

"పచ్చిదే. పెద్దగున్నది, పలక లెక్క. దగ్గర్ల దొరుకుతలేదట. బాగ లోపటికి పోయి తెచ్చిండ్రట. మీ అమ్మనే దగ్గరుండి ముక్కలు కొట్టిచ్చింది."

అల్లుడు, బిడ్డ, అత్త. ఇంటిల్లిపాదీ దొంగలే! భద్రయ్యకు ఒళ్లు మండింది.

"ఎవ్వరికి చెప్పకు. తెలిస్తే అందరు తలో ముక్క అడుగుతరు."

సీటు కింద గోనెసంచి ఉంది. అడుగంతా తడి. పచ్చి కర్ర కదా, నీరు కారుతోంది. చుట్టుపక్కల వాళ్లు ఒక్కొక్కరే లేచి వెనక సీట్లకు పోతున్నారు. ఒకావిడ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. పాపం, దొంగంటే జనానికి ఎంత భయం!

వెతకబోయిన తీగ కాలికి తగిలింది. భద్రయ్య గుట్టుగా రేంజరుకు కబురు పంపాడు. విలేకర్లకు కూడా పంపాడు.

బయ్యారం పొలిమేరలో జీపు అడ్డం నిలబడింది. ఇమ్మానుయేల్‌ను సంచితో సహా కిందికి దింపారు.

"సంచిల ఏముందిరా?" అన్నాడు రేంజరు.

"టేకు సార్."

అడగ్గానే ఒప్పుకున్నాడు! విలేకర్లు రాసుకున్నారు.

"ఎవరి కోసం?"

"మా ఇంటిదానికి సార్. మొన్ననే కాన్పైంది. జర జల్ది విడువుండ్రి."

మంచం చేయిస్తాడు కాబోలు. భద్రయ్యకు జాలేసింది. అయినా డ్యూటీ డ్యూటీయే. కెమెరాలు ముందుకు రాగానే తాడు కోసి సంచిని బోర్లించాడు.

ఐసుగడ్డలతో పాటు పొడుగాటి తోక ఒకటి రేంజరు బూట్ల మీదికి జారగా, ఇమ్మానుయేల్ చేతులు కట్టుకుని అన్నాడు: "పులుసు పెడితే బాలింతకు పాలు పడతయట సార్, మా అత్తగారి ఊరు కాకినాడల ఈ సముద్రం చేపను టేకనే అంటరు."