అడుగు బోల్టు

“ఇదేందన్నా, మళ్ళీ కారతా ఉంది!”

హజరత్తయ్య అంబాసిడర్ బానెట్ కింద తల దూర్చి అన్నాడు. కార్బురేటర్ అడుగున పెట్రోలు బొట్టు బొట్టుగా కూడి నేలమీదికి జారుతోంది.

“నువ్వు బాగుచేసినావు గదా, అందుకే,” అన్నాడు బండి యజమాని ఆండ్రూ.

పాపం, మెకానిక్ చెయ్యనిదంటూ లేదు. మొదటి శనివారం వాషర్ మార్చాడు. రెండో శనివారం పెట్రోలును లోపలికి వదిలే సూది వాల్వు మార్చాడు. ఇవాళ మూడో శనివారం. మూత విప్పి, లోపల తేలే ఇత్తడి బుడ్డిని తీసి, కొబ్బరికాయలో నీళ్ళు చూసినట్టు చెవి దగ్గర ఆడించాడు. చప్పుడు లేదు. ఆండ్రూ భార్య ఎలిశబెతు తెచ్చిన వేడినీళ్ళలో ముంచాడు. చిల్లుంటే బుడగలు రావాలి. ఒక్కటీ రాలేదు.

“బుడగ రాకపోతే మంచిదేగా?” అంది ఎలిశబెతు.

“వస్తే రోగం తెలిసేదమ్మా.”

“రేపు ఆరాధన కాంగానే బండి కదలాల,” అన్నాడు ఆండ్రూ. “సండేస్కూలు పిల్లలు ఐదుగురిని తుమ్మలపెంట బీచికి తీసకపోతానని మాటిచ్చినా.”

“బస్సులో పోతే ఏమండీ?”

“మెయిలు రైళ్ళు తోలినోడు పిల్లల్ని బస్సెక్కించాలంట! ముప్పై నాలుగేళ్ళలో ఒక్క సిగ్నలు తప్పినానా?”

తప్పలేదు. బిట్రగుంట రైల్వే కాలనీ మొత్తానికి తెలుసు. కానీ పోయిన నెల కావలి రోడ్డు మీద, పట్టపగలు, గేదెను చెట్టు నీడ అనుకున్నాడు. ఎలిశబెతు అరవబట్టి గేదె బతికింది, వీళ్ళూ బతికారు. కంటి నరం దెబ్బతిందని, ఇక బండి ముట్టుకోవద్దని నెల్లూరు డాక్టరు రాసిచ్చాడు. మీసమైనా రాని డాక్టరు తనకు చెప్పేదేమిటని ఆండ్రూ ఆ చీటీని బైబిల్లో పెట్టి మూసేశాడు. ఆ తర్వాత ఎవరైనా కళ్ళ మాట ఎత్తితే కంచం ముందు నుంచి లేచిపోవడమే.

ఫోను మోగి ఆండ్రూ లోపలికి వెళ్ళగానే హజరత్తయ్య గొంతు తగ్గించాడు.

“అమ్మా, అడుగు బోల్టు చేత్తోనే తిరిగింది. విప్పిన ప్రతిసారీ నేను స్పానరుతో బిగించే పోయినా. అది దానంతటది వదులయ్యే రకం కాదు.”

ఎలిశబెతు చెంగుతో వేళ్ళు తుడుచుకుంది.

“మూడు వారాలూ వదులు చేసింది మీరేనా?”

“కళ్ళ మాటెత్తితే ఆయన మనిషి కాడు హజరత్తయ్యా. కార్బురేటర్ని తిట్టుకుంటే పరువన్నా మిగుల్తుంది.”

“పెట్రోలుతోనా అమ్మా ఆటలు! నిప్పురవ్వ పడితే? ఇంకొక్కసారి కారిందంటే అన్నకు చెప్పేస్తా.”

ఆమె స్పానరు తీసి అతని చేతికిచ్చింది.

“బిగించు,” అంది.

బిగించాడు. కింద పాత పేపరు పరిచి అరగంట ఇంజను నడిపాడు. ఒక్క చుక్క పడలేదు. ఆండ్రూ వంగి, పేపరంతా అరచేత్తో తడిమి, “అదీ పనంటే!” అన్నాడు.

ఆదివారం ఆరాధన ముగిసేసరికి ఐదుగురు పిల్లలూ వరండాలో తయారు. వాళ్ళలో పెద్దది బిందు, ముందు సీటు తనదేనని అప్పటికే ఇద్దరితో పోట్లాడింది. ఆండ్రూ ఇస్త్రీ చొక్కాతో వచ్చి, బానెట్ ఎత్తి, కార్బురేటర్ అడుగున వేలు పెట్టి వాసన చూశాడు.

“దరిద్రపుది, మళ్ళీ కారతా ఉంది! పదండి పిల్లలూ, బస్సులో పోదాం. కిటికీ సీటు నాది, ముందే చెప్తున్నా.”

పిల్లలు కేకలేస్తూ గేటు వైపు పరుగెత్తారు.

“హజరత్తయ్యకు పని రాదు,” అన్నాడు ఆండ్రూ, భార్య ముఖం చూడకుండా. “ఈ బండిని ఎవరికన్నా ఇచ్చేద్దాంలే.”

“సరేనండీ. చెయ్యి కడుక్కుని పోండి.”

ఆయన గేటు దాటేదాకా చూసి, ఎలిశబెతు బానెట్ కిందికి వంగింది. బోల్టు చివర ఒక చుక్క నిండుతోంది.

నిన్న బిగించాక ఆమె దాన్ని ముట్టుకోనేలేదు.