వీపు మీద హక్కు

“మా ఆయన ఫొటో ముందు నాకంటే ఎక్కువ ఏడుస్తున్నారు, ఎవరండీ మీరు?”

టీచరమ్మ మెల్లగానే అడిగింది. అయినా సంతాప సభకొచ్చి కాఫీలు తాగుతున్నవాళ్లంతా కప్పులు దించి అటు తిరిగారు. ఖాకీ చొక్కా వేసుకున్న ఆ మనిషి ముక్కు చీదుకుంది.

“బస్సు కండక్టర్నండీ. డ్యూటీ దిగి ఇటే వచ్చేశా.”

“మా ఆయన మీకెలా తెలుసు?”

“ముఖం ఇవాళే చూస్తున్నా. వీపు మాత్రం బాగా తెలుసు.”

టీచరమ్మకి ఒళ్లు మండిపోయింది. పరాయి ఆడది వచ్చి మీ ఆయన వీపు నాకు బాగా తెలుసంటే ఏ పెళ్లాం ఊరుకుంటుంది?

“ఇంకోసారి ఆ మాటెత్తావంటే నీ వీపు విమానం మోత మోగుతుంది!” మీరు కాస్తా నువ్వయిపోయింది.

“అయ్యో, సినిమాల్లో అక్కా! మీ ఆయన హీరోకి డూప్ కదా, డూప్ ముఖం చూపించరుగా. రైలు మీంచి నదిలోకి దూకుతాడే, ఆ వీపుకి ఫ్యాన్ని నేను. అదెవరని స్టూడియోకి ఫోన్ చేస్తే మీ ఆయనే ఎత్తాడు. ‘నేనేనమ్మా’ అన్నాడు. ఓసారి వచ్చి చూద్దామనుకునేలోపే...” మళ్లీ ఏడుపు.

“ముందు ఆ అక్కా అనడం మానెయ్. అక్క మొగుడు బావవుతాడు. వదినా అను.”

“సరే వదినా.”

మొగుడు అన్నయ్య అయ్యాడు కానీ టీచరమ్మ కుళ్లు తగ్గలేదు. ఆయన పడుతుంటే చూసే ధైర్యం లేక ఆవిడ ఒక్క సినిమా చూడలేదు. రైలు మీంచి దూకానని ఆయన గొప్పలు మొదలుపెడితే చెవులు మూసుకునేది. ఇప్పుడీ కండక్టరు, దూకేటప్పుడు ఆయన మోకాళ్లు ఎలా ముడిచాడో కూడా చేసి చూపిస్తుంటే, తన వాటా ఎవరో తినేసినట్టు ఉడుక్కుంది.

“అంత పిచ్చేంటమ్మా నీకు?”

“మా ఆయన నన్ను వదిలేసి పోయాడు వదినా. చచ్చిపోదామనుకుని, ఎందుకో సినిమాకెళ్లి కూర్చున్నా. అంత ఎత్తునుంచి పడ్డ మనిషి నీళ్లలోంచి లేచి, తల విదిలించుకుని వెళ్లిపోయాడు. ఆయనే లేవగా లేంది నాకేం రోగం అనుకున్నా. మర్నాడు డ్యూటీకెళ్లిపోయా.”

టీచరమ్మ తన కప్పులో కాఫీ సగం ఆమెకు వంపింది. “ఆ సినిమా ఎక్కడైనా ఆడుతోందా?” అంది ముక్తసరిగా.

ఆదివారం మార్నింగ్ షోలో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. టీచరమ్మ బింకం టీచరమ్మదే. పొద్దంతా కిందా మీదా పడొచ్చిన మొగుడికి రోజూ మందు రాసిన చేతులివి. ఆయన వీపు మీద ఏ మచ్చ ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పగలదు. తెర మీద ఒక్కొక్కటీ చూపించి, ఈ ఫ్యాన్‌గారి నోరు మూయించాలని ఉంది ఆవిడకి.

రైలొచ్చింది. చొక్కా లేని మనిషి తెర నిండా వీపు పెట్టి నిలబడి, ఒక్క దూకు దూకాడు. హాలంతా ఈలలు. కండక్టరు చటుక్కున టీచరమ్మ చెయ్యి పట్టుకుంది.

టీచరమ్మ కళ్లద్దాలు తుడుచుకుని, ముందుకు వంగి, నీళ్లలోంచి లేచిన ఆ వీపు మీద మచ్చల కోసం వెతికింది.

“మాట్లాడరేంటి వదినా? అన్నయ్యే కదూ?”

టీచరమ్మ ఆ చేతిని గట్టిగా నొక్కింది.

“మీ అన్నయ్య కాక ఇంకెవరే!” అంది, జన్మలో ఎన్నడూ చూసి ఎరగని ఆ వీపుని చూస్తూ.