నరానికి మందు

సూర్యాపేటలోని ఓ ప్రైవేటు దవాఖానలో ఆ రోజు జూనియర్ డాక్టర్లకు పాఠం: మనిషిని నిద్రపుచ్చకుండా పాదం వరకే మత్తివ్వడం. పాఠానికి కాలు ఇచ్చినవాడు తిరుమలగిరి గొర్రెల కాపరి రామనర్సయ్య. కుళ్లిన బొటనవేలు తీసేస్తారు. ఆపరేషన్ ఉచితం, కాబట్టి అతనికి ఎవరూ ఏమీ వివరించలేదు.

"సూది నరం దాకా పోయిందా అని పేషెంటును అడిగే రోజులు పోయినయ్. తెర చూడండి, చాలు," అన్నాడు పెద్ద డాక్టర్.

అందరూ అల్ట్రాసౌండ్ తెర వైపు తిరిగారు. ప్రవళిక అనే జూనియర్ మోకాలి వెనక సూది దించింది. తెర మీద తెల్లటి నరం చుట్టూ మందు నల్లగా పరుచుకుంది.

"నరానికేనా సారూ మందు?" అన్నాడు రామనర్సయ్య.

"నరానికే. కదలకు."

అతను కళ్లు మూసుకుని దండం పెట్టుకున్నాడు.

కాసేపాగి ప్రవళిక పాదానికి స్పిరిట్ దూది అద్దింది. "సల్లగ తెలుస్తుందా తాతా?"

"లేదు బిడ్డా."

సూదిమొనతో గుచ్చింది. "ఇప్పుడు?"

అతను ఊపిరి బిగబట్టి చూశాడు. "తెలుస్తలేదు," అన్నాడు, తప్పు చేసినవాడిలా.

గదంతా చప్పట్లు. "మొదటిసారే సక్సెస్!" పెద్ద డాక్టర్ ప్రవళిక భుజం తట్టాడు.

రామనర్సయ్య తల ఎత్తి అందరి మొహాలూ చూశాడు.

"గీ కాలు మొద్దువారి రెండేండ్లాయె. ముల్లు దిగింది తెల్వకనే వేలు కుళ్లె. నరానికి మందంటే కాలుకు మళ్ల పానమొస్తదనుకున్న. రాలే. సప్పట్లెందుకు కొడుతున్రు బిడ్డా?"