విచారణ గదిలో కాంతామణి గారు

పోలీసులంతా వీధుల్లోకి వెళ్లిపోయి, స్టేషన్ పనులు ఊళ్లోవాళ్ల చేతికొచ్చి చాలాకాలమైంది. ఎగిరే బండి మీద అమలాపురమంతా తరిమి గొలుసు దొంగను పట్టుకున్న కుర్ర ఎస్సై, వాణ్ణి విచారణ గదిలో చిక్కుడుకాయలు తుంచుతున్న కాంతామణి గారికి అప్పగించి, టోపీ తీసి కూలబడ్డాడు.

“ఏ ఊరు బాబూ?” అడిగిందావిడ.

“ముమ్మిడివరమండి.”

“ఇంటిపేరు?”

“చింతలోళ్లమండి.”

“అయితే మా వీరవేణి ఆడపడుచు కొడుకువే! ఉండు, మీ అమ్మకి ఫోన్ చేస్తాను.”

“బాబోయ్, వద్దండి! గొలుసు ఇదిగోనండి. నన్ను జైల్లో పెట్టేయండి!”

ఎస్సై మురిసిపోయాడు. ఆవిడ అతనివైపు తిరిగింది.

“నీకింకా పెళ్లి కాలేదు కదూ? ఇంతకీ మీదే ఊరు నాయనా?”

ఎస్సై టోపీ కూడా మరిచిపోయి వీధిలోకి పరుగెత్తాడు.

పోలీసులు స్టేషన్ మొహం ఎందుకు చూడరో దొంగకి అప్పుడర్థమైంది.