నల్లపొర

ముసలాయన పెట్టెలోంచి ఓ రాతిముక్క తీసి నోట్లో వేసుకున్నాడు.

గ్యాస్ బావుల సైటు ఇన్‌చార్జి మేడమ్ సరిగ్గా అప్పుడే షెడ్డులోకి వచ్చింది. ఆ నమలడం చూసి ఆమెకు ఒళ్లు మండిపోయింది.

మండదా మరి. మొదటి బావి పది వారాలు గ్యాస్ ఇచ్చి చల్లబడింది. రెండోది ఆరు వారాలకే చేతులెత్తేసింది. మూడోదీ ఇంతే అయితే సైటు మూసేస్తామని పైవాళ్లు తెగేసి చెప్పారు. అరవైమంది ఉద్యోగాలు ఆమె మెడకు చుట్టుకున్నాయి.

రాళ్లు తెలిసిన మనిషిని పంపండి మహాప్రభో అని రెండు నెలలుగా మొత్తుకుంటోంది. హెడ్డాఫీసు ల్యాబు నుంచి చివరికి వచ్చింది ఒక వ్యాను, పరీక్షలు చేసి తిప్పి పంపిన నాలుగు పెట్టెల రాళ్లు, వాటిని దింపడానికి ఈ పెద్దాయన.

"అవి మూడు కిలోమీటర్ల లోతు నుంచి తీసిన నమూనాలు. చిరుతిళ్లు కావు," అంది.

ఆయన నొచ్చుకోలేదు. నోట్లోది అరచేతిలోకి ఉమ్మి, ఆ నల్లటి ముద్దను వేలితో నలిపాడు.

"మూడో బావినీ అడ్డంగా తొలిచేది ఈ నల్లపొరలోకేనా మేడమ్?"

"అవును. గ్యాసంతా అందులోనే ఉంది."

"ఉంది, కాదనను. కానీ ఇది ఉత్త బంకమన్ను. పంటికింద ఒక్క రవ్వ తగల్లేదు. గ్యాస్ బయటికి రావడానికి నీళ్లు బలంగా కొట్టి పగలగొట్టినా నాలుగు రోజులకు మళ్లీ మూసుకుపోతుంది. నలభై మీటర్ల పైన బూడిదరంగు పొర ఉంది. గ్యాస్ తక్కువే, కానీ కరకరలాడుతోంది. అది పగిలితే పగిలినట్టే ఉంటుంది."

ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గ్రాఫులన్నీ నల్లపొరనే చూపిస్తుంటే ఈయన పళ్లతో తీర్పు చెబుతున్నాడు. ఆ గ్రాఫులు గ్యాస్ ఎంతుందో చెబుతాయి గానీ, రాయి దాన్ని వదులుతుందో లేదో చెప్పవన్న సంగతి ఆ చిరాకులో ఆమె బుర్రకెక్కలేదు.

పెట్టెలు దింపడం అయిపోతే ఇక బయల్దేరవచ్చని చెప్పింది. ఆయన ఇంకేదో అనబోయి, ఆమె మొహం చూసి మానేశాడు.

మూడో బావిని నల్లపొరలోకే తొలిచారు. మొదటి వారం గ్యాస్ తన్నుకొచ్చింది. ఐదో వారానికి మీటరు ముల్లు కింద పడుకుంది. సైటు మూసేయమని ఉత్తరం రావడానికి మూడు రోజులు కూడా పట్టలేదు.

ఆ మధ్యాహ్నం ఆమె ఒక్కతే షెడ్డుకు వెళ్లింది. ఎవరూ లేకుండా చూసి నల్లముక్క కొరికింది. నాలుక మీద వెన్నలా జారిపోయింది. బూడిదరంగుది కొరికితే పళ్లు జివ్వుమన్నాయి. సిగ్గుతో, తన మీద తనకే వచ్చిన కోపంతో కళ్లు చెమర్చాయి.

వెంటనే హెడ్డాఫీసులో చీఫ్ జియాలజిస్టుకు ఫోన్ చేసింది.

"ఆ రోజు వ్యానులో మారువేషంలో పంపిన సైంటిస్టు ఎవరు సార్? నేను ఆయనకు క్షమాపణ చెప్పుకోవాలి."

మీ సైటుకు రావడమే ఆయన చివరి డ్యూటీ అనీ, ఆ సాయంత్రమే రిటైరై ఊరు వెళ్లిపోయాడనీ, మీరు అంతగా అడిగారు కదా అని తనే పనిగట్టుకుని పంపాననీ చీఫ్ చెప్పాడు.

"సైంటిస్టు కాదమ్మా, ముప్పై ఏళ్లు మా ల్యాబులో రాళ్లు కడిగాడు, నాకు రాయి చదవడం నేర్పింది ఆయనే."